కారిన బ్యాటరీ, నమ్మలేని మీటరు

అందరికీ నమస్కారం. ఈరోజు ఒక చిన్న రిపేరు గురించి మాట్లాడుకుందాం. వోల్టేజి, కరెంటు కొలిచే మల్టీమీటరో, తీగను చుట్టి పట్టుకుని కొలిచే క్లాంప్ మీటరో కొన్నాళ్లు సొరుగులో పడి ఉంటుంది. అవసరమొచ్చి తీస్తే ఆన్ కాదు. వెనక మూత తీసి చూస్తే తెల్లటి పొడి, స్ప్రింగు మీద పచ్చటి చిలుము, గూటికి అతుక్కుపోయిన సెల్. ఈ దృశ్యం చూడనివాళ్లు ఇక్కడ తక్కువే ఉంటారు. ఆ తర్వాత చాలామంది చేసేది కూడా ఒకటే. పొడి దులిపేస్తారు, స్ప్రింగును గరుకు కాగితంతో నాలుగుసార్లు రుద్దుతారు, కొత్త సెల్స్ వేస్తారు. డిస్‌ప్లే వెలుగుతుంది. ఇంకేం, బాగైపోయిందంటారు.

నాకు పేచీ ఉన్నది సరిగ్గా అక్కడే. రిమోట్ విషయంలో ఆ మాట చెల్లుతుంది. రిమోట్ పనిచేస్తే చేసినట్టు, లేకపోతే లేనట్టు. మీటరు అలా కాదు. డిస్‌ప్లే వెలిగినంత మాత్రాన అందులో కనిపించే అంకె నిజమని ఎవరు చెప్పారు? పూర్తిగా చచ్చిన మీటరుతో ప్రమాదం లేదు, పక్కన పడేస్తాం. కరెంటున్న తీగ మీద పెడితే సున్నా చూపించే మీటరుంది చూశారూ, అది మనిషిని చంపుతుంది. అందుకే ఈ రిపేరులో శుభ్రం చేయడం సగం పనే. మీటరు నిజం చెబుతోందని తేల్చుకోవడం మిగతా సగం. నేను ఎక్కువసేపు మాట్లాడబోయేది ఆ రెండో సగం గురించే.

అయితే ముందు ఆ పొడి సంగతి. దీన్ని అందరూ "యాసిడ్ కారింది" అంటారు. ఇప్పుడు మనం ఎక్కువగా వాడే అల్కలైన్ సెల్స్‌లో యాసిడ్ ఉండదు. జింక్ పొడి, మాంగనీస్ డయాక్సైడ్, వాటితో పాటు గాఢమైన పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం ఉంటాయి. అంటే యాసిడ్‌కు సరిగ్గా వ్యతిరేకం, క్షారం. ఆ ద్రావణంలో జింక్ కొద్దికొద్దిగా కరుగుతూ హైడ్రోజన్ వాయువును వదులుతుంది. సెల్‌లో చార్జి పూర్తిగా అడుగంటాక ఇది ఇంకా ఎక్కువవుతుంది. లోపల ఒత్తిడి పెరిగి సెల్ పేలకుండా, నెగటివ్ వైపున్న సీలులో ఒకచోట కావాలనే పల్చగా చేసి ఉంచుతారు. ఒత్తిడి మితిమీరితే ఆ భాగం చిరిగి గ్యాస్ బయటికి పోతుంది. దాని వెంటే ద్రావణమూ వస్తుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి పొటాషియం కార్బనేట్ అవుతుంది. మనకు కనిపించే తెల్లపొడి చాలావరకు అదే. ఈ కార్బనేట్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పొడిగా ఉన్నప్పుడు పెద్దగా హాని చేయదు, తేమ తగిలితే మాత్రం కరెంటును పోనిస్తుంది. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, మనకు మళ్లీ దీనితో పనుంది.

ఈ గ్యాస్ తగ్గించడానికి ఒకప్పుడు జింక్‌లో కాస్త పాదరసం కలిపేవారు. పాదరసం విషం కాబట్టి 1990ల్లో దాన్ని మానేస్తూ వచ్చారు. అమెరికాలో 1996లో దీనికోసం చట్టమే చేశారు. ఇప్పుడు బాగా శుద్ధి చేసిన జింక్ వాడతారు, అందులో ఇండియం, బిస్మత్ లాంటివి కొద్దిగా కలుపుతారు. గ్యాస్ తగ్గింది గానీ పూర్తిగా పోలేదు.

పాత రకం కార్బన్ జింక్ సెల్స్ కథ వేరు. వాటిలో డబ్బాయే జింక్. సెల్ పనిచేసే కొద్దీ డబ్బా తరిగిపోతుంది, చివరికి చిల్లు పడుతుంది. లోపలుండేది అమ్మోనియం క్లోరైడో, జింక్ క్లోరైడో. ఇది మాత్రం ఆమ్ల గుణం ఉన్నదే. సూది మీటర్లున్నవాళ్లు దీన్ని జాగ్రత్తగా వినాలి. 1923లో వచ్చిన "ఏవో" (AVO) అనే పేరున్న మీటరు కాలం నుంచీ సూది మీటర్లలో సెల్ అవసరమయ్యేది ఓమ్స్ (రెసిస్టెన్స్) కొలవడానికి మాత్రమే. వోల్టులు, ఆంపియర్లు సెల్ లేకపోయినా చూపిస్తాయి. అందుకని లోపల సెల్ కుళ్లిపోతున్నా పైకి మీటరు చక్కగా పనిచేస్తూనే ఉంటుంది. మూత తీసే అవసరమే రాదు. తీసేసరికి లోపలి సర్క్యూట్ బోర్డులో సగం పోయి ఉంటుంది.

మీటర్లలోనే సెల్స్ ఇంత తరచుగా ఎందుకు కారతాయి? ఆపడం మర్చిపోతామన్నది ఒక కారణం. దానంతట అదే ఆఫ్ అయ్యే మీటర్లు నిజానికి నిద్రపోతాయంతే, లోపల కొన్ని మైక్రోఆంపియర్లు పోతూనే ఉంటాయి. ఇంకో కారణం మన చేతిలోనే ఉంది. రెండు కొత్త సెల్స్ దొరికితే రెండు పాతవాటి పక్కన వేస్తాం. అప్పుడు బలహీనమైన సెల్ ముందే ఖాళీ అవుతుంది, మిగతావి దానిగుండా కరెంటును తోస్తూనే ఉంటాయి. చివరికి అది తలకిందులుగా చార్జి అవుతుంది. కారే సెల్ అదే.

ఇక పనిలోకి దిగుదాం. మొట్టమొదట ప్రోబ్‌లు, అంటే కొలతకు వాడే వైర్లు, రెండూ మీటరు నుంచి పీకి పక్కన పెట్టండి. ప్రోబ్‌లు తగిలించి ఉండగా మీటరు మూత తీయడం ఎప్పుడూ వద్దు. కళ్లద్దాలు, చేతులకు నైట్రైల్ గ్లవ్స్ తప్పనిసరి. క్షారం చర్మాన్ని జిడ్డుజిడ్డుగా చేసి మెల్లగా తినేస్తుంది. కంట్లో పడితే అంతకంటే వేగంగా నష్టం చేస్తుంది. పడితే కనీసం 15 నిమిషాలు నీళ్లతో కడుగుతూ ఉండాలి, తర్వాత వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పొడిని నోటితో ఊదకండి.

సెల్ ఇరుక్కుపోయి ఉంటే తొందరపడకండి. డ్రిల్లుతో తొలిచేసేవాళ్లున్నారు. లోపల ఒత్తిడి ఉండొచ్చు, షార్ట్ కావొచ్చు, నేనైతే ఆ పని చేయనివ్వను. మీటరును వాల్చి, సెల్ చివర పొడి కట్టిన చోట రెండు మూడు చుక్కల వెనిగర్ వేసి కాసేపు ఆగండి. బుసబుస పొంగుతుంది. అది కార్బన్ డయాక్సైడ్. పొడి మెత్తబడ్డాక ప్లాస్టిక్ పుల్లతో మెల్లగా కదిపితే చాలాసార్లు వచ్చేస్తుంది. వాల్చేటప్పుడు బ్యాటరీ గూడు కిందికి, బోర్డు పైకి ఉండాలి. లేకపోతే బురద మీరే బోర్డులోకి పంపినట్టవుతుంది.

గూడు ఖాళీ అయింది. ఇప్పుడు బోర్డు బయటికి తీయాలి. గూడు మాత్రం తుడిచి ఊరుకుంటే కుదరదు. మొదలుపెట్టేముందు ఫొటోలు తీసుకోండి. నాబ్ దగ్గర చిన్న ఇనుప గుండ్లు, స్ప్రింగులు ఉంటాయి, ఎగిరిపోతాయి. డిస్‌ప్లేకు, బోర్డుకు మధ్య చారలచారల రబ్బరు పట్టీ ఉంటుంది. దాన్ని చేత్తో తాకవద్దు, తడపవద్దు. గుండ్రటి బంగారుపూత ట్రాకుల (బోర్డు మీద కరెంటు పోయే దారుల) మీద వేలిముద్రలు పడనివ్వకండి. స్క్రూలాగా తిప్పగలిగే చిన్న ప్రీసెట్లు కనిపిస్తాయి, వాటి జోలికి అస్సలు పోకండి. మీటరు కొలత సరిగ్గా ఉండేలా ఫ్యాక్టరీలో సరిచేసిన చోట్లవి. ఒకసారి కదిపితే తిరిగి పెట్టడానికి సరైన రిఫరెన్స్, అంటే విలువ కచ్చితంగా తెలిసిన వోల్టేజి, కావాలి.

ద్రావణం ఎంత దూరం పోయిందన్నది తేల్చడమే ఈ దశలో అసలు పని. పొటాషియం హైడ్రాక్సైడ్‌కు లోహం మీద పాకే గుణం ఉంది, అందులోనూ నెగటివ్ వైపున్న లోహం మీద ఎక్కువ. కాబట్టి వెతకడం నల్ల వైరు దగ్గర మొదలుపెట్టండి. పోగుల వైరైతే దీపపు వత్తి నూనెను లాగినట్టు లోపలికి లాగేస్తుంది. పైన ప్లాస్టిక్ తొడుగు కొత్తగా మెరుస్తూ ఉంటుంది, కాస్త ఒలిచి చూస్తే రాగి నల్లగా ఉంటుంది. ఆ రాగికి సోల్డర్ పట్టదు. ఎంత వరకు నల్లబడిందో చూస్తూ కూర్చోకండి, వైరు మొత్తం మార్చేయండి. 9 వోల్టుల సెల్ వాడే మీటరైతే, దానికి తగిలించే క్లిప్పును కూడా వైర్లతో సహా మార్చడం మేలు. దాన్ని శుభ్రం చేయడానికి పట్టే శ్రమకు అర్థం లేదు.

బోర్డు మీద చూడాల్సినవి ఇవి. ఆకుపచ్చ పూత కింద ట్రాక్ నల్లగా కనబడుతోందా, పూత బుడగలా లేచిందా, ఒక పక్క నుంచి ఇంకో పక్కకు పోయే చిన్న రంధ్రాల అంచు ఆకుపచ్చగా మారిందా, ఐసీ (చిప్పు) కాళ్ల మధ్య మసక ఉందా. భూతద్దం, పక్క నుంచి పడే వెలుతురు ఉంటే చాలు. నేరుగా పై నుంచి వెలుతురు వేస్తే సగం కనిపించవు.

కడగడం సులువే, కానీ వరస తప్పకూడదు. అల్కలైన్ సెల్ కారితే పల్చటి వెనిగర్, పాత కార్బన్ జింక్ సెల్ కారితే వంటసోడా కలిపిన నీళ్లు. ఇయర్‌బడ్‌తోనో మెత్తటి బ్రష్‌తోనో, మరక ఉన్నంత మేరకే రాయండి. నిమ్మరసం వాడొచ్చా అని అడుగుతారు. అందులో చక్కెర, పీచు ఉంటాయి, బోర్డు మీద మిగిలిపోతాయి. కాబట్టి వద్దు. బుసబుస ఆగాక చాలామంది తుడిచేసి ఆరబెట్టేస్తారు. అక్కడే పని చెడుతుంది. వెనిగర్, పొటాషియం కార్బనేట్ కలిస్తే పొటాషియం అసిటేట్ అనే ఇంకో ఉప్పు మిగులుతుంది. దానికి తేమను పీల్చే గుణం బాగా ఎక్కువ. అంటే ఒక ఉప్పును తీసి ఇంకో ఉప్పును పెట్టాం. కాబట్టి డిస్టిల్డ్ వాటర్‌తో రెండు మూడుసార్లు కడగాలి. ఆ తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో నీటిని తరిమేయాలి. ఆల్కహాల్ ఒక్కదానితో ఈ ఉప్పులు సరిగా పోవు, ఉప్పును కరిగించేది నీళ్లే. బోర్డు తడపడానికి భయపడకండి. డిస్‌ప్లేను, బజర్‌ను మాత్రం తడవకుండా చూడండి. వెచ్చటి చోట, 50 డిగ్రీలకు మించకుండా, ఒక రాత్రంతా ఆరనివ్వండి. నాబ్ కింద, ఐసీ కింద నీళ్లు దాక్కుంటాయి.

కాంటాక్టుల, అంటే సెల్ కొనలు తగిలే స్ప్రింగుల, రేకుల విషయానికొస్తే, అవి ఇనుము మీద నికెల్ పూత వేసినవి. పూత ఉండి, పైన మరక మాత్రమే ఉంటే ఫైబర్‌గ్లాస్ పెన్నుతో తీసేయండి. పూత పోయి ఇనుము కనబడితే ఎంత మెరిసేలా రుద్దినా మళ్లీ తుప్పు పడుతుంది. కొత్త స్ప్రింగు వేయండి, లేదా పాడైన ఇంకో పరికరం నుంచి తీసి పెట్టండి. ఇనుముకు సోల్డర్ పట్టించడానికి యాసిడ్ ఫ్లక్స్ వాడాల్సి వస్తే ఆ పని బోర్డు మీద చేయొద్దు. కాంటాక్టును విడిగా తీసి, పూత వేసి, బాగా కడిగి అప్పుడు బిగించండి. ఒక మరకను తీయడానికి ఇంకో తుప్పును తెచ్చుకోవడం ఎందుకు?

తెగిన ట్రాక్‌లు దొరికితే రాగి ఎర్రగా మెరిసేదాకా గీకి, సన్నటి ఇన్సులేటెడ్ వైరుతో తెగిన చోటును దాటించి జంపర్ వేయండి. పోయిన రంధ్రాల్లో ఒక పోగు దూర్చి రెండు పక్కలా సోల్డర్ చేస్తే సరిపోతుంది.

ఇప్పుడు మీటరు ఆన్ అయింది. ఇక రెండో సగం మొదలు.

మొదట, సెల్ నుంచి కరెంటు సరిగా వస్తోందా? మీటరు ఆన్‌లో ఉంచి, బ్యాక్‌లైటు ఉంటే అదీ వేసి, సెల్ కొనల మధ్య వోల్టేజి ఇంకో మీటరుతో చూడండి. తర్వాత బోర్డు మీద వైర్లు కలిసే చోట చూడండి. రెంటికీ తేడా కొన్ని మిల్లీవోల్టులే ఉండాలి. అర వోల్టు పోతోందంటే ఎక్కడో తుప్పు మిగిలి ఉంది. ఆ తర్వాత, బ్యాక్‌లైటు ఆర్పేసి, మీటరు సెల్ నుంచి లాగుతున్న కరెంటు చూడండి. మామూలు డిజిటల్ మీటరు కొన్ని మిల్లీఆంపియర్లతో నడుస్తుంది. పదుల్లో లాగుతుంటే ఎక్కడో దొంగదారి ఉన్నట్టే. ఆఫ్‌లో పెట్టినప్పుడు కూడా ఒకసారి చూడండి.

ఇక ఇన్సులేషన్. దీన్ని తేలిగ్గా తీసుకునేవాళ్లే ఎక్కువ. డిజిటల్ మీటరు వోల్టులు కొలిచేటప్పుడు దాని ఇన్‌పుట్ రెసిస్టెన్స్ సాధారణంగా 10 మెగాఓమ్‌లు. అంత పెద్ద రెసిస్టెన్స్ పక్కన తేమ పట్టిన ఉప్పు మరక ఒకటున్నా చాలు, లెక్క తప్పుతుంది. బోర్డు లోపలి 10 మెగాఓమ్ రెసిస్టర్‌కు అడ్డంగా అదే విలువ గల మరక దారి ఏర్పడితే, పెద్ద వోల్టేజి రేంజిల్లో అంకె దాదాపు రెట్టింపు చూపించవచ్చు. ఐసీ కాళ్ల మధ్య ఉంటే అంకె నిలవకుండా పారుతుంది.

దీన్ని పట్టుకోవడానికి ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు. ప్రోబ్‌లు తీసేసి, ఓమ్స్‌లో అన్నిటికంటే పెద్ద రేంజి పెట్టండి. "ఓఎల్" (రేంజి దాటింది) అని రావాలి. 15 మెగాఓమ్‌లో 30 మెగాఓమ్‌లో చూపిస్తే ఆ మరక మీకే కనబడుతోందన్నమాట. మూత తీసి ఉండగా, మీటరుకు ఇంకే సర్క్యూటూ తగిలించకుండా, బోర్డు మీద మెల్లగా ఊపిరి వదలండి. ఒక అంకె మెదిలి పోతే ఫర్వాలేదు. అంకె నిలబడిపోతే మళ్లీ డిస్టిల్డ్ వాటర్ దగ్గరికే.

నాకు బాగా నచ్చిన పరీక్ష ఇంకొకటుంది. ఒక 9 వోల్టుల సెల్‌ను నేరుగా కొలవండి. సరిగ్గా 9 వచ్చిందనుకుందాం. ఇప్పుడు మధ్యలో 1 మెగాఓమ్ రెసిస్టర్ సిరీస్‌లో పెట్టి మళ్లీ కొలవండి. ఇన్‌పుట్ నిజంగా 10 మెగాఓమ్‌లైతే పదకొండో వంతు తగ్గి 8.18 దగ్గర చూపించాలి. 7.5 చూపిస్తే మీ మీటరు ఇన్‌పుట్ 5 మెగాఓమ్‌లకు పడిపోయిందని లెక్క. ఎక్కడో ఉప్పు మిగిలింది. ఒక్క రెసిస్టర్‌తో, ఒక్క నిమిషంలో తేలిపోతుంది. అయితే కొన్ని మీటర్ల ఇన్‌పుట్ 10 మెగాఓమ్‌లు కాదు, మాన్యువల్‌లో చూసి లెక్క వేసుకోండి.

చివరగా, నాబ్‌లో ఉన్న ప్రతి రేంజినీ ఒక మంచి మీటరు పక్కన పెట్టి పోల్చండి. డీసీ సరిగ్గా ఉంది కదా అని ఏసీని వదిలేయకండి. ఒక్కో రేంజికి నాబ్ కింద వేరే ట్రాక్, వేరే కాంటాక్టు ఉంటాయి. ఒకచోట తెగినా ఆ ఒక్క రేంజి సున్నా చూపిస్తుంది, మిగతావన్నీ బాగుంటాయి. నేను మొదట చెప్పిన ప్రాణాంతకమైన సున్నా ఇదే. నాబ్‌ను ప్రతి రేంజిలో అటూ ఇటూ కొంచెం కదిపి అంకె మారుతుందేమో చూడండి.

ఇంత చేసినా కొన్ని మీటర్లను నేను మెయిన్స్ కరెంటు మీద పెట్టనివ్వను. ప్రోబ్ సాకెట్ల దగ్గరికి, ఫ్యూజుల దగ్గరికి ద్రావణం చేరి ఉంటే ఆ మీటరు మీద రాసిన క్యాట్ రేటింగ్‌ను, అంటే ఎంత ప్రమాదకరమైన లైను మీద వాడొచ్చో చెప్పే గుర్తును, ఇక నమ్మడానికి లేదు. పెద్ద వోల్టేజి ఒక చోటి నుంచి ఇంకో చోటికి దూకకుండా బోర్డులో కొలిచి వదిలిన ఖాళీలు ఉంటాయి, కొన్నిచోట్ల బోర్డునే చీల్చి ఉంచుతారు. ఆ ఖాళీల్లో ఉప్పు ఇంకిపోతే బయటికి కనిపించదు. అలాంటి మీటరు మీద "తక్కువ వోల్టేజికి మాత్రమే" అని చెరగని ఇంకుతో రాసి, బల్ల మీద సెల్స్, చిన్న సర్క్యూట్లు కొలవడానికి ఉంచుకోండి. ఫ్యూజు కొనలకు తుప్పు పడితే మార్చాల్సిందే. ఆంపియర్లు ఒక్కటే చూసి గాజు ఫ్యూజు పెట్టేయకండి. వోల్టేజి రేటింగ్, ఎంత పెద్ద షార్ట్ కరెంటును తెంచగలదన్నది కూడా పాతదానితో సరిపోవాలి. లోపల ఇసుక నింపిన సిరామిక్ ఫ్యూజు పెట్టడానికి కారణముంది. షార్ట్ అయినప్పుడు గాజుది పగిలి ఆర్క్ (గాలిలో మెరుపులా దూకే కరెంటు) అలాగే కొనసాగవచ్చు.

ప్రశ్నలు ఉంటే అడగండి.

(సభలో ఒకరు: ఇన్సులేషన్ టెస్టర్‌కు కూడా ఇదే పద్ధతా?)

శుభ్రం చేయడం ఇదే పద్ధతి, పరీక్ష మాత్రం ఇంకా కఠినం. అది 500, 1000 వోల్టులు తానే పుట్టిస్తుంది, మెగాఓమ్‌లు, గిగాఓమ్‌లు కొలుస్తుంది. కొంచెం మరక మిగిలినా మంచి కేబుల్‌ను చెడ్డదని చెబుతుంది. వైర్లు ఏమీ తగిలించకుండా టెస్ట్ బటన్ నొక్కితే దాని గరిష్ఠ రేంజి దాటినట్టు చూపించాలి. చూపించకపోతే వాడొద్దు. లోపల హై వోల్టేజి ఉంటుంది కాబట్టి మూత తీసి ఉండగా ఆ బటన్ జోలికి వెళ్లకండి.

(ఇంకొకరు: అసలు కారని సెల్స్ లేవా సార్?)

లిథియం డబుల్ ఏ సెల్స్ కారడం చాలా అరుదు. కొత్తగా ఉన్నప్పుడు లోడు లేకుండా ఒక్కొక్కటి 1.8 వోల్టుల దాకా చూపిస్తుంది, మీ మీటరు మాన్యువల్ ఒప్పుకుంటుందో లేదో చూసుకోండి. నికెల్ మెటల్ హైడ్రైడ్ రీచార్జబుల్ సెల్స్ కూడా తక్కువే కారతాయి, కానీ అవి 1.2 వోల్టులు కాబట్టి కొన్ని మీటర్లు ముందే బ్యాటరీ గుర్తు చూపిస్తాయి. ఆ గుర్తు వచ్చాక కొలతను నమ్మకండి, లోపలి రిఫరెన్స్ పడిపోయి అంకెలు తప్పుతాయి. మీటరును నెలల తరబడి వాడనప్పుడు మాత్రం సెల్ తీసి పక్కన పెట్టడమే నయం.

(మొదటివారే: రిపేరు చేశాక మళ్లీ తెల్లపొడి వస్తే?)

వస్తుంది, చాలామందికి వస్తుంది. అందుకే ఒక నెల తర్వాత మూత తీసి ఒకసారి చూడమంటాను. కొత్త సెల్ బాగానే ఉండి, కాంటాక్టు మొదట్లోనో సోల్డర్ దగ్గరో పొడి తేలిందంటే అది పాత ద్రావణమే. రివెట్టు కిందో, మడత లోపలో దాక్కుని బయటికి పాకింది. ఆ కాంటాక్టును పూర్తిగా ఊడదీసి, కింద ప్లాస్టిక్ గాడిని కూడా కడిగి, కొత్తది వేయండి. తర్వాత ఆ 1 మెగాఓమ్ పరీక్ష మళ్లీ చేయండి.